దోన్ పార్మేనియో హెల్మెట్ తిన్న దెబ్బలు

దోన్ పార్మేనియో నోరు తెరిస్తే అంకెలు పెరుగుతాయని ఆ కనుమ మీద ఊళ్లో అందరికీ తెలుసు. ఆయన పెరట్లో తవ్విన బంగాళాదుంప పొద్దున పిడికిలంత ఉంటే, మధ్యాహ్నానికి గుమ్మడికాయంత అవుతుంది, సాయంత్రానికి ఇద్దరు పడితే గాని కదలదు. అందుకని ఆయన మాట ఎవరూ నమ్మరు. అలాగని వినడమూ మానరు. ఆదివారం పొద్దున దోన్యా ఎర్మిందా కొట్టు నిండేదే అందుకు.

ఆ ఆదివారం మాత్రం ఆయన ఒట్టి చేతులతో రాలేదు. భుజాన కప్పుకున్న ఉన్ని కంబళి కింద నుంచి ఒక ఎర్ర హెల్మెట్ తీసి, నుబియా ఒళ్లో పెట్టాడు.

"రేపు ఇది పెట్టుకుని దిగు అమ్మాయ్. ఇక నీకు ఢోకా లేదు."

నుబియాకి కళ్లు చెమర్చాయి. అడగకుండా తెచ్చిచ్చిన మనిషి ఆయనొక్కడే. తెల్లవారుజాము బస్సు రేపటి నుంచి రాదట, నిన్ననే చెప్పారు. కింద పట్నంలో రొట్టెల దుకాణంలో ఆమె ఆరు గంటలకల్లా పొయ్యి ముందుండాలి. వచ్చేటప్పుడు మధ్యాహ్నం బస్సు నెత్తిన సైకిలు వేసుకుని రావచ్చు, పోవడమే సమస్య. పందొమ్మిది కిలోమీటర్ల దిగుడు, పొగమంచులో. ఉన్నది తమ్ముడు యేసిద్ సైకిలు. రెండేళ్ల కిందట సన్యాసి మలుపు దగ్గర యేసిద్ పడింది ఆ సైకిలు మీంచే. అప్పుడు హెల్మెట్ వాడి తల మీద లేదు, హ్యాండిల్‌కి వేలాడుతోంది. అది లోయలోకి పోయింది, తల రాయికి తగిలింది. ఇప్పుడు యేసిద్ కాఫీలో ఉప్పు వేసుకుంటాడు, అక్కని "అమ్మా" అని పిలుస్తాడు. వాడికి నుబియా తప్ప ఎవరూ లేరు. ఆమెకీ ఏదైనా అయితే అన్న మాట ఆమె నిన్నటి నుంచి సగంలోనే ఆపేసుకుంటోంది.

"పెట్టు, ఎలా ఉందో చూద్దాం," అన్నాడు పార్మేనియో. పెట్టి, ఆమె నుదుటి మీద రెండు వేళ్లు అడ్డంగా ఆనించాడు. "కనుబొమలకీ అంచుకీ మధ్య రెండు వేళ్లు, అంతే. వెనక్కి వాల్చి పూజకి పోయే దొరసానిలా పెట్టుకున్నావో, నుదురు గాలికొదిలేసినట్టే. పట్టీలు రెండూ చెవి కింద కలవాలి. గడ్డం కింద ఒక వేలు దూరాలి, రెండోది దూరకూడదు. తల ఊపు. ఆడుతోందా? వెనకాల చిన్న చక్రం ఉంటుంది, బిగించు. ఆఁ."

ఈ విషయంలో ఆయన ఒక్క వేలు కూడా పెంచి చెప్పలేదు. అది చూసి ఎర్మిందా ఆశ్చర్యపోయి, అందరికీ వేడి బెల్లం నీళ్లు పోసి, అందులో తలా ఒక చీజు ముక్క వేసింది.

"కొత్తదానిలా ఉందే," అన్నాడు పాల లారీ తోలే కుస్తోదియో, గోడకి చేరబడి.

అంతే. ఆ మాట అనకుండా ఉంటే బాగుండేది.

"కొత్తదా? ఏమయ్యా కుస్తోదియో, అది పడ్డ దెబ్బలు నీ లారీ పడి ఉంటే ఇనప సామాన్లవాడు కూడా వద్దనేవాడు. విను. మూడేళ్ల కిందట, సన్యాసి మలుపు—"

ఆ పేరు వినగానే నుబియా హెల్మెట్ తీసి ఒళ్లో పెట్టుకుంది.

"—వాన. పెద్ద వానేం కాదు, తుంపర. గంటకి అరవై మీద దిగుతున్నాను, అంతకంటే లేదు, గొప్పలు చెప్పుకోవడం నాకు చేతకాదు, మీకు తెలుసు కదా—"

"తెలుసు," అన్నాడు కుస్తోదియో.

"—దిగుతుంటే వెనక బ్రేకు తీగ తెగింది. సరే, ముందుది ఉందిగా అనుకున్నాను, అదీ తెగింది. ఇంకొకడైతే దేవుణ్ణి తలుచుకునేవాడు. నేను తల వంచి పన్నెండో కిలోమీటరు రాయిని కొట్టాను. సైకిలు ఆగింది, రాయి పగిలింది. ఇప్పటికీ ఆ రాయి మీద పన్నెండు లేదు, ఒకటే ఉంది. రెండుని నా హెల్మెట్ ఎగరగొట్టింది. నేను తల కూడా మళ్లీ దువ్వుకోనక్కర్లేకపోయింది, అలా ఉంది జుట్టు."

అందరూ నవ్వారు. నుబియా నవ్వలేదు. ఒకటి, అనుకుంది. యేసిద్ పడుకున్న ఆసుపత్రిలో ఒక నర్సు చెప్పిన మాట ఆమెకి గుర్తొచ్చింది, గుర్తు రాకపోతే బాగుండుననిపించింది.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? బ్రేకులు వేయించి, మళ్లీ బయల్దేరాను. ఈసారి ఎనభై. మలుపు తిరగ్గానే రోడ్డుకి అడ్డంగా ఎద్దు. బెలార్మినోది, నల్లది, ఇద్దరు మనుషుల్ని ఆసుపత్రికి పంపినది. అది నన్ను చూసింది, నేను దాన్ని చూశాను. అది తల వంచింది, నేనూ వంచాను. ఆ చప్పుడుకి కింద లోయలో కోళ్లు గుడ్లు పెట్టేశాయి, పెట్టే టైము కాకపోయినా. ఎద్దు మోకాళ్ల మీద కూలబడింది. ఆ రోజు నుంచి అది ఎవర్నీ పొడవలేదు, బుద్ధిగా నాగలి లాగుతోంది."

"అది పోయిన నెలే కదా, వెటర్నరీ ఆయన్ని పొడిచింది?" అంది ఎర్మిందా.

"అది దాని కొడుకు. తండ్రి పోలికే. మధ్యలో మాట్లాడకు."

రెండు. నుబియా వేలు హెల్మెట్ చుట్టూ తిరుగుతోంది. పైన గీత లేదు. ఇంత దెబ్బ తిన్నదానికి గీతైనా ఉండాలి కదా అనిపించింది. మళ్లీ, పైన ఉండక్కర్లేదేమో అనీ అనిపించింది. గీతలు పైన ఉండవమ్మా, లోపల ఉంటాయి అని నర్సు చెప్పింది కూడా.

"ఎద్దుని దాటాక నూట ఇరవై అందుకున్నాను—"

"ఎనభై అన్నావు," అన్నాడు కుస్తోదియో.

"అది ఎద్దుకి ముందు. ఎద్దు తోసింది కదా, కలుస్తుంది. నూట ఇరవై. మలుపులో తిరగలేదు, నేరుగా పోయాను. కింద లోయ. అయితే ఆ రోజు మంచు ఎలా ఉందంటే, చెప్తే నమ్మరు, నేనూ నమ్మలేదు, చక్రం కింద గట్టిగా తగిలింది. మంచు మీద తొక్కుకుంటూ పోయాను. మధ్యలో కాస్త మెత్తగా ఉంటే గేరు మార్చాను. అవతల కొండ మీద చర్చి గంట ఉందా, సరిగ్గా దానికి వెళ్లి కొట్టాను, తలతో. పన్నెండు సార్లు మోగింది. అప్పటికి టైము తొమ్మిది. ఊరంతా పొలాలు వదిలి భోజనాలకి కూర్చుంది. ఫాదరు బయటికొచ్చి, ఇదేదో పరలోకం పని అనుకుని, హెల్మెట్ మీద మంత్రజలం చల్లాడు. అందుకే చెప్తున్నా అమ్మాయ్, దీనికి అభిషేకం కూడా అయింది."

మూడు. నుబియా ముందు బెల్లం నీళ్లు చల్లారిపోయాయి, ముట్టుకోలేదు.

"ఇంకా అసలుది చెప్పలేదు. తిరిగొస్తుంటే, నూట అరవై మీద, ఎక్కుడులో—"

"ఎక్కుడులోనా?"

"ఎక్కుడులోనే. పైనుంచి బండ దొర్లుకుంటూ వస్తోంది, ఈ కొట్టంత. ఈ కొట్టూ, వెనక కోళ్ల గూడూ కలిపి. కింద బస్సులో నలభై మంది. నలభై కాదు, డెబ్బై, సంత రోజు కదా. నేను ఎదురెళ్లి, ఇలా తల పెట్టి—"

"దోన్ పార్మేనియో," అంది నుబియా.

ఆమె గొంతు పెద్దది కాదు, కాని వణుకుతోంది. అందుకని అందరూ ఆగారు.

"నాకొక్కటి చెప్పండి. యేసిద్ ఆసుపత్రిలో ఉన్నప్పుడు నర్సు చెప్పింది. హెల్మెట్ మన కోసం ఒక్క దెబ్బే తింటుందట. లోపల థర్మోకోల్ నలిగి మన తలని కాపాడుతుంది, నలిగాక మళ్లీ పొంగదు. ఆ తర్వాత అది టోపీయేనట. మీరు ఇప్పటికి నాలుగు చెప్పారు. నేను లెక్కపెట్టాను. రేపు నాలుగున్నరకి ఇది పెట్టుకుని సన్యాసి మలుపు దిగాల్సింది నేను. ఇది దెబ్బ తిన్నదా, తినలేదా?"

పార్మేనియో చెయ్యి బండని ఆపుతున్నట్టు ఇంకా గాల్లోనే ఉంది. మెల్లగా దించుకున్నాడు. అరవై రెండేళ్లలో ఆయన్ని అబద్ధమా అని అడిగినవాళ్లు చాలామంది, నిజం చెప్పకపోతే చచ్చిపోతానేమో అన్నట్టు అడిగినవాళ్లు లేరు.

"తినలేదు," అన్నాడు చివరికి.

"బండ?"

"బండ లేదు."

"గంట, ఎద్దు, రాయి?"

"గంటకీ ఎద్దుకీ నేను దరిదాపుల్లోకి పోలేదమ్మాయ్. ఆ రాయి మీద రెండు వానకి చెరిగిపోయింది." గొంతు ఇంకా తగ్గింది. "అసలు నేను సైకిలు మీద కనుమ దిగనేలేదు. ఒక్కసారి కూడా. నాకు దిగుడంటే భయం. నడిపించుకుంటూ పోతాను, ఎవరైనా వస్తే టైరులో గాలి పోయిందంటాను. తొక్కేది ఫుట్‌బాల్ మైదానం చుట్టూనే. ఇది కొన్నప్పటి నుంచి మంచం పక్కన మేకుకే ఉంది. ఎండ తగలనివ్వలేదు, సబ్బు నీళ్లతో తప్ప కడగలేదు."

కుస్తోదియో నవ్వబోయి, ఎర్మిందా మొహం చూసి మానుకున్నాడు. నుబియాకి మాత్రం ఏడుపొచ్చినంత పనయింది, సంతోషంతో. ఇంత మంచి అబద్ధాలు ఆమె ఎప్పుడూ వినలేదు. హెల్మెట్ మళ్లీ తలకి పెట్టుకుంది. రెండు వేళ్లు చూసుకుంది, పట్టీ బిగించుకుంది, గడ్డం కింద ఒక వేలు. క్లిప్పు టక్కుమంది.

ఆ చప్పుడుకి పార్మేనియో లేచాడు. తలుపు దాకా పోయాడు, వెనక్కొచ్చాడు, కూర్చున్నాడు, మళ్లీ లేచాడు.

"తియ్యి," అన్నాడు.

"ఏమైంది?"

"తియ్యమ్మా. కుడి పక్క మెత్త ఉంది కదా, అది పీకి చూడు."

నుబియా పీకింది. తెల్లటి థర్మోకోల్ మీద వెంట్రుకంత సన్నగా ఒక చీలిక, వేలెడు పొడవున.

"పోయిన చలికాలం," అన్నాడాయన, ఎవరి వంకా చూడకుండా. "కోడి పాక పైకెక్కి దిగలేదు. నిచ్చెన ఎక్కడానికి భయమేసి హెల్మెట్ పెట్టుకున్నాను. మూడో మెట్టు విరిగింది. మూడోదే, ఎక్కువ కాదు. తల బట్టలుతికే బండకి తగిలింది. నాకేం కాలేదు. కోడి తనే దిగింది. సైకిలు లేకుండా పడ్డది కదా, అదేం దెబ్బలే అనుకున్నాను. కోడి కోసం పడ్డానని ఎవరితో చెప్పను? ఎవరితో చెప్పకపోతే జరగనట్టే అనుకున్నాను."

చేతులు చాచి హెల్మెట్ తీసుకున్నాడు. కొట్టు మెట్టు మీద బోర్లించి, మడమతో తొక్కాడు. ఆ చీలిక వెంటే అది పటుక్కున రెండుగా విడిపోయింది. ఇంకెవరి నెత్తికీ ఎక్కకుండా రెండు ముక్కలూ చెత్తడబ్బాలో వేశాడు. మూడేళ్లు మేకు మీంచి రోజూ తీసి తుడుచుకున్న వస్తువు, వేసేటప్పుడు ఆయన మొహం చూడలేకపోయింది నుబియా.

"ఎర్మిందా, నీ కుట్టు టేపు ఇలా తే," అన్నాడు. "కుస్తోదియో, నీ లారీ దిగేదెప్పుడు?"

"ఇప్పుడే."

"నేనూ వస్తున్నాను. ఆదివారం సంత, సైకిళ్ల దుకాణం తెరిచే ఉంటుంది. కళ్లు మూసుకుని కూర్చుంటాను, నన్ను పలకరించకు."

నుబియా నుదుటి మీదుగా, చెవుల పైనుంచి, వెనక ఎముక ఎత్తుగా ఉన్నచోట కలిపి టేపు చుట్టాడు. కళ్లు చికిలించి చూశాడు. విప్పి మళ్లీ చుట్టాడు.

"కొత్తదే తెండి," అంది నుబియా. "అట్టపెట్టెలోంచి తీసింది. దానికి ఏ కథా ఉండకూడదు."

"ఉండదు," అన్నాడు.

లారీ కదిలింది. పార్మేనియో ఒక చేత్తో తలుపు గట్టిగా పట్టుకుని, కళ్లు మూసుకునే ఉన్నాడు. మంచులోకి పోయేముందు కుస్తోదియో కొట్లోవాళ్లకి వినబడేలా అడిగాడు.

"ఎంత కొలత అన్నావు పెద్దాయనా, అరవయ్యా, ఎనభయ్యా?"

"యాభై ఆరు సెంటీమీటర్లు," అన్నాడు పార్మేనియో.

నుబియా గుమ్మంలో నిలబడి చెవులు రిక్కించింది. మొదటి మలుపు దగ్గర కుస్తోదియో మళ్లీ అడిగినట్టున్నాడు. మంచులోంచి జవాబు సన్నగా వచ్చింది, భయంతో వణుకుతూ.

"యాభై ఆరే."