జ్ఞానయ్య ప్రార్థన మానేసిన సంగతి

హలో… ఆ, నేనేనండీ వెంకటకృష్ణారావు గారూ, జగ్గయ్యపేట నుంచి… పాస్టరు ప్రేమానందం అక్కని… ఆ, ఆసుపత్రిలో నర్సుని. బావున్నామండీ… మీ ఎరువుల కొట్టు ఫోను మా ఇంటి ఫోనైపోయింది, ఏమనుకోకండి… మీ మంచితనం.

కొంచెం మావాణ్ణి పిలిపిస్తారా? ఎదురుగా చర్చిలోనే ఉంటాడు. స్త్రీల కూడిక ఈపాటికి అయిపోయి ఉంటుంది… లేదండీ, కంగారేం లేదు. కంగారు లేదని ముందే చెప్పమనండి. లేకపోతే పరిగెత్తుకొస్తూ పంచె తొక్కుకుని పడతాడు…

ఆ… లైన్లోనే ఉంటా…

ఏరా. రొప్పుతున్నావు… కంగారు లేదని చెప్పమన్నా గదా.

అమ్మకేం కాలేదు… నాకూ ఏం కాలేదు… మీ బావకీ ఏం కాలేదు. పిల్లలు వీధిలో గంతులేస్తున్నారు. అయిపోయిందా నీ లిస్టు? ఇంక కూర్చో. అక్కడ యూరియా బస్తా ఏదన్నా ఉంటే దానిమీదే కూర్చో.

నీ సంఘంలో జ్ఞానయ్య అని… ఆ, మిరప తోటలకి నీళ్ళు కట్టే జ్ఞానయ్య. ఆయన భార్య సువార్తమ్మ నా వార్డులో ఉంది… నీకు తెలీదూ? సోమవారం చేర్చారు. గర్భసంచి ఆపరేషను, రేపు పొద్దున తొమ్మిదింటికి… నాలుగు రోజులైంది, ఆవిడ మంచం పక్కన గోనెపట్టా వేసుకుని పడుకుంటున్నాడాయన. నీ సంఘం సంగతి నీకు నేను చెప్పాల్సొచ్చింది చూడు.

… నీతో చెప్పలేదా? ఎందుకు చెప్పలేదో నేను చెప్తా, విను.

ఇవాళ మధ్యాహ్నం రక్తపరీక్ష కాగితాలు తీసుకెళ్ళా. సువార్తమ్మ ఏడుస్తోంది. 'భయపడకమ్మా, ఇట్టాంటివి రోజూ చేస్తారు' అన్నా. 'ఆపరేషనుకి కాదమ్మా, ఈ మడిసి నాకోసం ప్రార్థన చెయ్యటంలా' అంది… ఆ. నలభై ఏళ్ళ కాపురంలో ఆవిడకి తలనొప్పి వచ్చినా నెత్తిన చెయ్యి పెట్టి ప్రార్థన చేసేవాడంట. ఇప్పుడు పొట్ట కోస్తారంటే నోరు తెరవటం లేదంట.

ఆయన్నే అడిగా. 'నాకు భయభక్తులు లేవని అయ్యగారు చెప్పారమ్మా. సదువుకున్నోళ్ళు, మీరు చెయ్యండి' అన్నాడు…

ఫోను పెట్టెయ్యకు, ఇంకా అయిపోలేదు.

ఏమన్నావురా ఆయన్ని? … నాకు తెలుసు. నీ నోట వినాలని అడుగుతున్నా… 'దేవుడంటే' – ఆ, చెప్పు – 'దేవుడంటే నీ పక్క చేనువాడు కాదు జ్ఞానయ్యా, భయభక్తులు నేర్చుకుని రా.' అందరి ముందు. అదీ బెజవాడ నుంచి మీ పాస్టర్లందరి మీదుండే పెద్దయ్యగారు వచ్చిన ఆదివారం.

'అంతే అన్నా' అంటావేంటి. ఇంకా ఏమనాలనుకున్నావు?

సరే, దానికి ముందు ఆయన పైకి ఏమని ప్రార్థన చేసాడు? … సిగ్గెందుకు, చెప్పు… 'తండ్రీ, నేనే ముందొచ్చాననుకున్నా, నువ్వు అప్పుడే వచ్చి కూచున్నావే'… ఆగు, నవ్వొస్తోంది… ఆ, తర్వాత? … 'సాగరు కాలవ నీళ్ళ సంగతి మొన్న చెప్పా గదా, నువ్వింకా సూళ్ళా'…

బావుందిరా… లేదు, నిజంగానే అంటున్నా.

కాదన్నానా? భయభక్తులు ఉండాలి. దేవుడి ఇంటికి సంతకొచ్చినట్టు రాకూడదు. నువ్వు చెప్పేదాంట్లో తప్పు లేదు… ఒప్పుకున్నా గదా, ఇంక వాక్యాలు చదవకు. ఇది ట్రంకు కాలు.

మరదలు నాకొకటి చెప్పింది. శనివారం శనివారం చర్చి ఊడ్చేది ఆయనే గదా. వెనక్కి నడుచుకుంటూ ఊడుస్తాడంట. ఎందుకయ్యా అంటే, బల్లమీద బైబిలుంది, దానికి వీపు పెట్టకూడదు అన్నాడంట… నువ్వెప్పుడూ చూళ్ళేదా? మరి నువ్వేమో మొన్న ప్రసంగం మధ్యలో ఆ బల్లకే ఆనుకుని నిలబడ్డావంట… ఆ అమ్మాయినేమీ అనకు, నేనే గుచ్చి గుచ్చి అడిగా.

హలో… ఆ, ఆపరేటరు గారూ, పొడిగించండి. ఇంకో మూడు నిమిషాలు… మా తమ్ముడేనండీ… ఆ, థాంక్సండీ.

ఎక్కడున్నాం? … ఆ, దేవుణ్ణి 'నువ్వు' అన్నాడని. మరి నువ్వేమంటావు? … 'నీవు'. నీవు అంటే భక్తీ, నువ్వు అంటే పొగరూనా?

నాన్నని ఏమనేవాడివిరా? … చూసావా. హెడ్మాస్టరు, చేతిలో చింతబరిక. ఆయన వీధి మలుపు తిరిగితే నీ గోలీలన్నీ జేబులోకి పోయేవి. అయినా 'నాన్నా, నువ్వు నా పక్కన పడుకో' అనేవాడివి. భయం లేకనా?

అదట్టా ఉంచు, ఎనిమిదేళ్ళప్పుడు నువ్వు చేసిన ప్రార్థన గుర్తు చెయ్యనా? … 'దేవుడా, నువ్వు మా నాన్న బరిక విరగ్గొట్టు, విరగ్గొడితే రోజూ చర్చికొస్తా' అని. మైలవరంలో, గాదె వెనకాల. నేను విన్నా… విరిగింది గదా మర్నాడు. మాట నిలబెట్టుకుని పాస్టరువయ్యావు.

నవ్వుతున్నావా? నవ్వు. ఇంకోటి అడుగుతా. అరవై దాటిన మనిషి ఆయన. ఆయన్ని 'జ్ఞానయ్యా, నేర్చుకుని రా' అన్నావే, అదెక్కడి మర్యాదరా? … ఆ, ఇప్పుడు దగ్గొచ్చిందా.

పోనీ, పెద్దయ్యగారు నిన్నేమన్నా అన్నారా? … అనలేదు. మొహం చిట్లించారా? … లేదు. మరి ఏం చేస్తున్నారాయన? … కళ్ళు మూసుకుని ఉన్నారు…

ఆగాగు. ప్రార్థన జరుగుతోంది. ఆయన కళ్ళు మూసుకుని ఉన్నారని నీకెట్టా తెలిసింది?

…

అంటే, సంఘమంతా తలలొంచుకుని ఉంటే పాస్టరుగారొక్కరే కళ్ళు తెరిచి పెద్దయ్యగారి మొహం చూస్తున్నారన్నమాట… తిట్టట్లేదురా, నవ్వుతున్నా. భయం నీకు బాగానే ఉంది తమ్ముడూ. ఎవరంటే భయమో చూసుకో, అంతే.

… ఏడుస్తున్నావా? … జలుబా. సర్లే, జలుబే.

ఇంకా అసలు సంగతి చెప్పలేదు నీకు. ఈ నాలుగు రోజులూ చూస్తున్నా, టీ గ్లాసు చేతికిచ్చినా కళ్ళు మూసుకుంటాడు. నోరు మెదపడు. టీ చల్లారిపోతుంది. 'ఏం చేస్తున్నావు తాతా' అంటే, 'ఆయనకి కనపడి వత్తన్నానమ్మా, మాటాడటంలా' అన్నాడు… ఆ. అట్టాగే అన్నాడు.

ఇవాళ నేనే మొండికేసా. 'నీ భార్య, నువ్వే చెయ్యాలి, నేను చెయ్యను' అన్నా. తర్వాత తలగుడ్డ తీసి, చేతులు కట్టుకుని మొదలుపెట్టాడు… 'తండ్రిగారండీ, తమరి సముఖానికి మనవి చేసుకునేదేమంటే' అని… అవును, తాసిల్దారుకి అర్జీ చదివినట్టు. ముందు నాకూ నవ్వొచ్చింది. ఆగిపోయాడు. మళ్ళీ మొదలుపెట్టాడు, మళ్ళీ 'తమరు' దగ్గరే ఆగాడు. మూడుసార్లు.

తర్వాత నాకేసి చూసి ఏమన్నాడో తెలుసా? 'ఇట్టా పిలిత్తే ఆయనెవరో పరాయి ఊరాయన్లాగుండాడమ్మా. ఈయనకి మా సువార్తెవరో ఏం తెలుసుద్ది?'

…

బయటికొచ్చి ఈ ఫోను బుక్ చేసా.

లేదు, నీమీద కోపం లేదాయనకి. ఉంటే బావుణ్ణు. నువ్వన్నది దేవుడే అన్నాడనుకున్నాడు… మూడు ఆదివారాలు ఆఖర్న చెప్పుల దగ్గర కూర్చుంటే నువ్వేమనుకున్నావు? … 'బుద్ధిగా ఉంటున్నాడు' అనుకున్నావా. నీకో దణ్ణంరా నాయనా.

రేపు మొదటి బస్సుకి వస్తానంటావా, రా. సువార్తమ్మ సంతోషిస్తుంది. కానీ ఆవిడ ఇవాళ నిద్రపోవాలి గదా… అందుకని ఇప్పుడే మాట్లాడు… ఎక్కడుంటాడు, ఇక్కడే. ఆయా తీసుకొచ్చింది, గుమ్మం బయట నించున్నాడు… ఏం మాట్లాడాలో కూడా నేనే చెప్పాలా? నీకు వచ్చింది మాట్లాడు.

తాతా, ఇట్రా… లోపలికి రా. నందిగామ నుంచి మీ అయ్యగారు… తలగుడ్డెందుకు తీస్తావు, ఫోనే గదా… సరే తియ్యి. ఇది చెవికి, ఇది నోటికి… తలకిందులుగా పట్టుకున్నావు… ఆ, అట్టా.

…

…

…

హలో. ఆ, నా చేతికిచ్చేసాడు. ఏమన్నావురా? వెనక్కి తిరిగి చూసాడు, గదిలో ఇంకెవరన్నా ఉన్నారేమోనని… 'మీరు' అన్నావా? 'జ్ఞానయ్య గారూ, మీరు నన్ను క్షమించాలి' అన్నావా… అదీ. పాపం, ఆ 'మీరు' తనేనని తెలిసేసరికి సగం అయిపోయి ఉంటుంది.

… బాగానే ఉన్నాడు. గోడకి చెయ్యి ఆనించుకుని నించున్నాడు. ఏం అడిగావాయన్ని? … నీకోసం ప్రార్థన చెయ్యమన్నావా. ఎప్పట్లాగే చెయ్యమన్నావా…

మంచి పని చేసావురా.

… సువార్తమ్మ దగ్గరికి పోదాం తాతా అన్నా, తల అడ్డంగా ఊపాడు. ఆగేట్టు లేడు… కళ్ళు మూసుకున్నాడు.

ఉష్… మొదలుపెట్టాడు.

… ఏమంటున్నాడా? 'ఇన్నాళ్ళూ పలకలేదని నామీద అలిగావా' అంటున్నాడు… నిన్ను కాదురా, పై ఆయన్ని.

… లేదు, నేను చెప్పలేను. ఫోను ఆయన ముందు బల్లమీద పెడుతున్నా… నువ్వే విను.