ఏడో ఇన్నింగ్స్‌లో బంతి లాక్కున్నాయన

కదలకండి దమాసోగారూ! కదిలితే తెగుతుంది. తెగితే ఊరంతా ఏమంటారో తెలుసా? లియోన్సియో కోపం పట్టలేక మేనేజరు గొంతు కోశాడంటారు. ఈ బేస్‌బాల్ స్టేడియం ఎదురుగా ముప్ఫై ఒక్క ఏళ్ళుగా గడ్డాలు గీస్తున్నాను, ఒక్కడికి గాటు పడలేదు. మీతో మొదలెట్టించకండి.

అయినా అడుగుతాను. నోటి చుట్టూ నురగుంది కదా, జవాబు చెప్పక్కర్లేదు, వింటే చాలు. ఏడో ఇన్నింగ్స్. రాజధాని జట్టుకి ఒక్క పరుగు లేదు. మన పెలికాన్ల జట్టుకి రెండున్నాయి. మైదానం మధ్య మట్టిగుట్ట మీద నిలబడి బంతి విసురుతున్నది ఎవడు? నా మనవడు యోర్విస్. పంతొమ్మిదేళ్ళవాడు, ఆంబోతులా ఉన్నాడు. ఎదుటివాళ్ళు బ్యాట్లతో గాలి విసురుకుంటున్నారు. అప్పుడు మీరు తీరుబడిగా నడిచొచ్చి వాడి చేతిలోంచి బంతి లాక్కుంటారా? పోనీ లాక్కుని ఎవడికిచ్చారు? ఆ ఎడమచేతి వాటంవాడికి! వాడికి నిలబడ్డమే సరిగ్గా రాదు. నాలుగు పరుగులు బాబూ! అరగంటలో నాలుగు పరుగులిచ్చి ఓడిపోయాం!

ఏమయ్యా, అరుగు మీద డామినో ఆడే పెద్దమనుషులూ, వినబడుతోందా? వినండి. ఆయన మొహం మీదే చెప్తున్నాను, చాటుగా కాదు.

ఇవాళ పొద్దున్న రేడియోలో నేనన్నది విన్నారుగా? వినకేం. ఈ ఊళ్ళో పొద్దున్నే పచ్చి అరటికాయ ముద్ద తింటూ చాగో కార్యక్రమం పెట్టుకోని ఇల్లుందా? ఆరున్నరకి మొదటి ఫోను నాదే. "పిరికివాడండీ, కుర్రాడికి పేరొస్తుంటే ఓర్చుకోలేనివాడండీ" అన్నాను. నా తరవాత నలభైమంది అదే పాట పాడారు. తొమ్మిదింటికల్లా క్లబ్బువాళ్ళు మిమ్మల్ని పీకేశారు.

మరేం బాధపడకండి. పీకేసిన ప్రతి మేనేజరూ ఊరొదిలేముందు ఈ కుర్చీలో కూర్చున్నవాడే. స్టేడియంలో బట్టలు సర్దుకుని రోడ్డు దాటగానే కనబడేది నా కొట్టు. మీరు పద్దెనిమిదోవారు. ఒకాయన తొమ్మిది మ్యాచిలకే వెళ్ళిపోయాడు. మ్యాచి జరుగుతుంటే నిద్రపోతున్నాడని నేనే చాగోకి ఫోను చేసి చెప్పాను. నిజానికి ఆయన నల్లకళ్ళద్దాలు పెట్టుకునేవాడు, కళ్ళు ఎవడు చూశాడు? ఓడిపోయాం కాబట్టి నిద్రపోయినట్టే. అదే జట్టు గెలిస్తే, ఎంత నిబ్బరమైన మనిషండీ అనేవాళ్ళం.

మేనేజర్ని ఎలా తూచాలో ఎప్పుడైనా ఆలోచించామా మేము? బోర్డు మీద అంకెలు చూసి తూస్తాం. ఆ నిమిషాన ఆయనకేం తెలుసు, ఏం కనబడింది, అదెవడిక్కావాలి?

ఆటగాళ్ళ మార్పిడి మాత్రం? మన మూడో బేసు కాసే కుర్రాణ్ణిచ్చి ముసలి క్యాచర్ని తెచ్చారని ఈ రోడ్డు మీదే టైర్లు కాల్చాం. నా టైరు కూడా ఉంది అందులో. ఆ ముసలాడే కప్పు తెచ్చిపెట్టాడు. టైర్లు కాల్చినవాళ్ళమే వాణ్ణి భుజాల మీద మోశాం. ఏం లియోన్సియో, ఆనాడు అలా అన్నావు కదా అని ఒక్కడడిగాడా? అడగరు. అభిమాని ఎవరికీ జవాబు చెప్పుకోనక్కర్లేదు. ఇందులో ఉన్న సుఖమే అది.

గడ్డం కాస్త పైకెత్తండి. ఊఁ.

కుర్రాళ్ళ సంగతంటారా, అది మాత్రం నాకు తెలుసు. ఈ కుర్చీలో కూర్చోబెడితే చెప్పేస్తాను. అద్దంలో తన్ను తానే చూసుకునేవాడు ఎక్కడికీ పోడు. చెవి దగ్గర కత్తెర ఆడుతుంటే రెప్పవెయ్యనివాడు బ్యాటు పడతాడు. యోర్విస్‌ని ఆరేళ్ళప్పుడు కూర్చోబెట్టాను. కత్తెర పట్టించుకోలేదు, అద్దం పట్టించుకోలేదు, నేలమీద పడ్డ జుట్టు కాలివేళ్ళతో ఉండచుట్టి అవతలి గోడకేసి కొట్టాడు. వాళ్ళమ్మతో అప్పుడే అన్నాను, వీణ్ణి నాకిచ్చెయ్యి, మనిషిని చేస్తానని. ఇచ్చింది. పదమూడేళ్ళు పెంచాను. పొద్దున్నే ఐదింటికి లేపి సముద్రపు ఒడ్డున పరిగెత్తించాను. ఏడిస్తే, ఏడ్చేవాళ్ళకి గుట్ట మీద చోటు లేదురా అన్నాను. నెప్పంటే, నెప్పి నీకూ నాకూ మధ్య కాదు, నీకూ దేవుడికీ మధ్య అన్నాను. చప్పట్లు కొట్టించుకున్నాను కూడా ఆ మాటకి, ఇదే కొట్లో.

వెళ్ళారా వాళ్ళు? కాఫీకి వెళ్ళినట్టున్నారు. ఉండండి, తలుపు దగ్గరగా వేసొస్తాను.

ఇప్పుడు చెప్పేది మెల్లగా చెప్తాను. మీరు కళ్ళు మూసుకునే ఉండండి, నాకు సులువుగా ఉంటుంది.

నాకు తెలుసు బాబూ. వాడి మోచెయ్యి బాలేదని నాకు తెలుసు.

నిన్న నాలుగింటికి, మ్యాచికి ముందు జుట్టు దిద్దించుకోడానికొచ్చాడు. మెడకి గుడ్డ కట్టేటప్పుడు ఎప్పుడూ కుడిచెయ్యి వెనక్కి పెట్టి కొస పట్టుకుంటాడు. చిన్నప్పటి అలవాటు. నిన్న ఎడమచెయ్యి పెట్టాడు. కుడిచెయ్యి ఒళ్ళోనే ఉంచుకున్నాడు, చంటిపిల్లని పడుకోబెట్టుకున్నట్టు. ఇంతకాలం మనుషుల చేతులూ మెడలూ చూసి బతికినవాణ్ణి, నాకు తెలీదా? నెప్పా అన్నాను. లేదు తాతా అన్నాడు. మళ్ళీ అడగలేదు. ఇంకోసారి అడిగితే ఉందంటాడేమోనని భయం వేసింది.

ఎందుకంటారా? అమెరికాలో వాణ్ణి తీసుకున్న క్లబ్బు అట్టడుగు జట్టులో పడేసి మర్చిపోయింది. అక్కడ ఆటల్లేని చలికాలంలోనే కదా వాడిక్కడికొచ్చి మన జట్టుకి ఆడేది. ఇప్పుడు ఇంకో క్లబ్బు వాణ్ణి అడుగుతోంది, బదులుగా ఇద్దర్నిస్తామంటోంది. అక్కడికెళితే మార్చినుంచీ పెద్దజట్టుతోనే. వాళ్ళ మనిషి నిన్న బ్యాటు పట్టినవాడు నిలబడే హోమ్ ప్లేటు వెనకాల కూర్చున్నాడు, బంతి వేగం కొలిచే యంత్రం పట్టుకుని. గళ్ళచొక్కా. నేనతని వెనక వరసలోనే ఉన్నాను, బంతి బంతికీ అతని పెన్ను చూస్తున్నాను. మీరు గుట్ట మీదికెళ్ళి బంతి తీసుకోగానే పెన్ను ఆగింది. తలెత్తి చూశాడు. ఎందుకు తీశారు, చెయ్యి బాలేదా? అదీ ఆ చూపుకి అర్థం.

రాత్రి కన్ను మూతపడలేదు. తెల్లారగానే ఫోను తీశాను. ఇప్పుడర్థమైందా బాబూ? మీకు తెలివిలేక తీశారని ఊరు నమ్మితే ఆ గళ్ళచొక్కా కూడా నమ్ముతాడు. ఊరిని నమ్మించడం నాకు వెన్నతో పెట్టిన విద్య. నమ్మించాను. మీ పరువు తీసి వాడి చెయ్యి కప్పాను.

అలా చూడకండి. కళ్ళు మూసుకోమన్నానుగా.

మీరు చేసింది తప్పు కాదు. పద్దెనిమిదిమందిలో నేను మనసులో సరిగ్గా తూచింది మిమ్మల్నొక్కరినే, పైకి తిట్టిందీ మిమ్మల్నే. మీ కొన్స్తాన్సా కొండల్లో మీ ఆవిడ ఏమనుకుంటుందో, ఆ చలిలో వెల్లుల్లి తోటల పక్కన ఖాళీగా కూర్చుని మీరేం చేస్తారో, అన్నీ ఆలోచించాను. ఆలోచించే ఫోను చేశాను. అదే నాకు సిగ్గుగా ఉంది.

ఇంకోటి మింగుడు పడట్లేదు. రాత్రి విలేకర్లు అడిగితే "నాకలా అనిపించింది, తీశాను" అన్నారు, అంతే. కుర్రాడి మోచెయ్యి బాలేదని ఒక్క ముక్క అంటే మీ ఉద్యోగం నిలిచేది కదా! మార్పిడి సంగతి మీక్కూడా తెలుసు. మీకు వాడేమవుతాడు? నేను తాతని, నేనబద్ధం ఆడాను. మీరెందుకు బాబూ నోరు కట్టేసుకున్నారు?

ఆగండి ఆగండి. చాగో ఏదో చెప్తున్నాడు, కాస్త పెంచుతాను.

కొత్త మేనేజరు రదమేస్ అట. తెలుసు, ఛాతీ విరుచుకుని నడిచే మనిషి. ఊఁ... ఏమిటీ? ఆదివారమా? ఆదివారం మళ్ళీ యోర్విస్సా? ఇవాళ బుధవారం కదా!

విన్నారా? "తొమ్మిది ఇన్నింగ్సూ కుర్రాడే విసురుతాడు, చెయ్యి ఊడి పడినా తియ్యను. దోన్ లియోన్సియో పొద్దున్న ఊరి మనసులో మాట చెప్పారు, అది నేను విన్నాను." నా పేరు పెట్టి మరీ చెప్పాడు. చప్పట్లు వినబడుతున్నాయా? స్టూడియోలో చప్పట్లు కొడుతున్నారు.

ఆ మోచేత్తో తొమ్మిది ఇన్నింగ్సులా!

అల్తగ్రాసియా తల్లీ, ఎంత పని చేశాను!

బాబూ, మీరు చెప్పండి రదమేస్‌కి. చాటుగా, మేనేజరుకి మేనేజరు చెప్పుకున్నట్టు. ఆరు ఇన్నింగ్సులకి తీసెయ్యమనండి. కాదు, అసలు పెట్టొద్దనండి. జ్వరమనీ, విరేచనాలనీ ఏదో ఒకటి చెప్పమనండి. గళ్ళచొక్కా వెళ్ళిపోయేదాకా చాలు. సంతకాలైపోతే మార్చిదాకా విశ్రాంతే, ఆకులు కట్టి నేనే నయం చేస్తాను.

నవ్వుతారేమిటి? అవున్లెండి. ఉద్యోగం పోయినవాడి మాట రదమేస్ ఎందుకు వింటాడు? పిరికివాడు, ఓర్వలేనివాడు. ఆ పేరు పెట్టిందీ నేనే.

లేవకండి, ఇంకో చెంప మిగిలే ఉంది. నురగ తుడిచేసుకుంటారేం? సగం గడ్డంతో బస్సెక్కుతారా? కోపముంటే తిట్టండి, పడతాను. ఇదిగో, కత్తి కింద పెట్టేశాను. చెప్పండి.

ఏమన్నారు?

వాడా? వాడే అడిగాడా?

మీరు గుట్ట మీదికెళ్ళింది... వాడు సైగ చేస్తేనా? నేను బంతి బంతికీ గళ్ళచొక్కా పెన్ను చూస్తూ కూర్చున్నాను. వాణ్ణి చూడలేదు. సైగ నాక్కనబడలేదు.

ఏమన్నాడు? ఉన్నదున్నట్టు చెప్పండి, నా కోసం ఏదీ తగ్గించొద్దు.

"వేళ్ళు తిమ్మిరెక్కాయి, బంతి తెలియట్లేదు, తీసెయ్యండి సార్" అన్నాడా? టోపీ కిందికి లాక్కుని ఏడ్చాడా? అంతమంది మధ్యనా?

ఇంకేమన్నాడు? ఏదో ఉంది, మీరు దాస్తున్నారు. చెప్పండి.

"తాతకి చెప్పొద్దు" అన్నాడా.

క్లబ్బుకి చెప్పొద్దనలేదా? గళ్ళచొక్కాకి చెప్పొద్దనలేదా? తాతకి చెప్పొద్దనా?

అందుకా మీరు రాత్రి నోరు విప్పలేదు. వాడికి మాటిచ్చారు. ఉద్యోగం పోయినా ఆ మాట పట్టుకుని కూర్చున్నారు, ఇదిగో ఈ కుర్చీలోనే, నా కత్తి కింద, నేను నోటికొచ్చినట్టు కూస్తుంటే.

నేననుకున్నాను, వాడికి అమెరికా అంటే భయమని. ఇంగ్లీషు రాదని భయపడతాడు, చలికి భయపడతాడు అనుకున్నాను. పంతొమ్మిదేళ్ళవాడు నెప్పి పుడితే ఊళ్ళోకొచ్చి రెండు నెలలైనా కాని పరాయి మనిషితో చెప్పుకున్నాడు. నాతో చెప్పుకోలేదు. నేను అడిగినా లేదు తాతా అన్నాడు. ఎలా చెప్తాడు? నెప్పనే మాట నా ఎదట అనకూడదని వాడికి ఆరేళ్ళప్పుడే నేర్పాను కదా.

ఫోను ఇటివ్వండి బాబూ. ఆ అద్దం పక్కన. నంబరక్కర్లేదు, అది నా వేళ్ళకి తెలుసు.

తెలుసు, మార్పిడి పోతుంది. గళ్ళచొక్కా హోటల్లో కూర్చుని ఇదే రేడియో వింటుంటాడు. పాత క్లబ్బు కూడా వదిలేస్తుందేమో. వాడు నన్ను జన్మలో క్షమించకపోవచ్చు. అన్నీ తెలుసు. ఆ రేడియో కాస్త తగ్గించండి... చాలు.

హలో. చాగో? ఆఁ, నేనే, లియోన్సియోని. కాదు నాయనా, ఇవాళ ఎవర్నీ పీకించడానికి కాదు. నవ్వకు, నవ్వకు, విను. దమాసోగారు నిన్న బంతి తీసుకున్నది యోర్విస్ మోచెయ్యి బాలేదని. ఆ సంగతి నాకు మ్యాచికి ముందే తెలుసు. తెలిసే పొద్దున్న నీకు ఫోను చేసి ఆయన్ని తిట్టాను. అబద్ధం ఆడాను... ఏమిటీ? ఆఁ, రేడియోలోనే అంటున్నాను, అందరూ వినాలనే అంటున్నాను. ఆదివారం వాడు ఆడడు. రదమేస్‌కి చెప్పు, ఆడడు.

లైను పెట్టెయ్యకు. ఒక్క నిమిషం. వాడింకా ఇంట్లోనే ఉంటాడు, వాళ్ళ నానమ్మ నీ కార్యక్రమమే పెట్టుకుంటుంది.

యోర్విస్, వింటున్నావా? నేనేరా, తాతని. నెప్పి పుడితే నాతో చెప్పరా.