మూడో సీలు

తిరువూరులో అంకారావు ఇంటి వెనక షెడ్డు. చైను విప్పేసిన పాత బుల్డోజరు దగ్గర అంకారావు, మెకానిక్కు అంతోనయ్య.

“మళ్ళీ కారిందా లేదా? అది చెప్పు.”

“కారిందండీ.”

“కొత్త సీలు వేసింది మూడోసారి.”

“మూడోసారేనండీ. కాస్త పక్కకి జరగండి, వెలుతురు పడట్లేదు.”

“చైను తిప్పే గేర్ల పెట్టె, ఆ ఫైనల్ డ్రైవులో పోసిన ఆయిలంతా ఎ.కొండూరు చెరువుకట్ట మీదే పోయింది. గేర్లు కీచుమంటుంటే డ్రైవరు దిగి ఇంటికెళ్ళిపోయాడు. ఇక నీ వల్ల కాదులే అంతోనయ్యా, విస్సన్నపేట మెకానిక్కుని రమ్మన్నాను.”

“రమ్మంటే రమ్మన్నారు. అంతోనయ్య చేతిలో పనితనం పోయిందని బస్టాండులో కూడా చెప్పారటగా?”

“అన్నాను. తప్పా?”

“ఇరవయ్యేళ్ళుగా ఈ బండి చూస్తున్నది నేనేనండీ. మీరా మాట అన్నాక నెల రోజులైంది, మీరు తప్ప నన్ను పిలిచినోడు లేడు.”

“ఈ బండి ఆగితే నాకు నిద్ర పట్టదయ్యా. నువ్వు సరిగ్గా వేసుంటే నేనెందుకంటాను?”

“సరిగ్గానే వేశా. సీలంటే ఇనుప రింగేగా, దాని చుట్టూ ఉండే రబ్బరు పొడిగా ఉండాలండీ. కాస్త జిడ్డు తగిలినా జారిపోద్ది, ఇక ఆయిలు ఆగదు. అందుకే పెట్రోలుతో తుడిచి, గుడ్డలో చుట్టి పెట్టి, అన్నం తినొచ్చి బిగిస్తా. మూడుసార్లూ అంతే చేశా.”

“చేస్తే ఎందుకు కారింది?”

“పోయిన రెండుసార్లూ నకిలీ సరుకేమో అనుకుని చూడకుండా విసిరేశా. ఇవాళ చూద్దామని... ఆగండి.”

“ఏంటి?”

“రబ్బరు లేపితే లోపల పచ్చగా ఉందండీ.”

“తుప్పేమో.”

“తుప్పు పచ్చగా ఉంటదా? వాసన చూడండి.”

“నాకు జలుబు.”

“పసుపండీ. కొబ్బరినూనెలో కలిపిన పసుపు. ఎవరో బొట్టు పెట్టారు. పైన పెడితే కనబడేది, తుడిచేసేవాణ్ణి. రబ్బరు లేపి మరీ కింద పెట్టారు.”

“నువ్వే ఏదో...”

“చర్చికెళ్ళేవాణ్ణి, రింగుకి బొట్టెందుకు పెడతానండీ?”

“అయితే ఇది మా ఆవిడ పనే. ఇనుముకి కావాల్సింది ఆయిలు, పూజలు కావని ఎన్నిసార్లు చెప్పాను? నాకు ఇలాంటివి గిట్టవని నీకూ తెలుసుగా. నాగేశ్వరమ్మా! ఇలా రా ఒకసారి.”

“అమ్మగారినేం అనకండి. ఎందుకు కారిందో తెలిసింది, నాకది చాలు.”

“ఎందుకనకూడదు? వానలు పడేలోగా కట్ట పూర్తవ్వాలి. నీ పేరు కూడా చెడిందా లేదా?”

“చెడింది.”

“మరి? తెలియాలి ఎవరో. నాగేశ్వరమ్మా!”

“వస్తున్నా. పొయ్యి మీద కూరుంది, ఏంటో చెప్పండి.”

“ఈ రింగుకి పసుపెందుకు పెట్టావ్?”

“నేనా? నేను పెడితే ముందు బ్లేడుకి పెడతాను, పదిమందికీ కనబడేలా. రబ్బరు కింద దాచాల్సిన అవసరం నాకేంటి?”

“మరెవరు పెట్టారు?”

“నాకేం తెలుసు?”

“పోనీలెండి అంకారావు గారూ, వదిలెయ్యండి.”

“నువ్వుండవయ్యా. నాగేశ్వరమ్మా, ఇంట్లో ఉన్నది మనిద్దరం. నువ్వు కాకపోతే ఇంకెవరు? చెప్పు.”

“అదే అనుకుంటున్నా. అంతోనయ్య అన్నానికెళ్ళిన మూడుసార్లూ, వేలు తెగిందని మీరే నా దగ్గర పసుపూ కొబ్బరినూనే పట్టుకెళ్ళారు. ఏ వేలండీ అది? ఏదీ, చూపించండి.”