గియోన్ వీధిలో వజీర్ మాస్టర్

ఒమాన్‌లోని వాడి కబీర్‌లో వజీర్ మాస్టర్ టైలర్ షాపుకి ఎవరు ఏ పనిమీద వచ్చినా, టీతో పాటు కత మాత్రం తప్పకుండా దొరికేది. బట్టలంటారా, అవి అల్లా దయ.

ఆ గురువారం సాయంత్రం బల్లమీద ముగ్గురున్నారు. కడప నుంచి వచ్చిన పికప్ డ్రైవరు ఖాదర్‌వలి, గోదావరి జిల్లా తాపీమేస్త్రీ ఇస్రాయేలు, అరబ్బుల ఇంట్లో వంట చేసే తిరుపతమ్మ. తిరుపతమ్మకి మర్నాడు పొద్దున్నే విమానం. కూతురి ఓణీల ఫంక్షన్‌కి వెళ్తోంది. పిల్లని చూసి ఏళ్ళయిపోయింది, ఎంత పొడుగైందో తనకే తెలీదు. అందుకని ఇంటివాళ్ళు పిల్ల కొలతల్ని ఒక దారానికి ముడులేసి, ఊరినుంచి వచ్చే మనిషితో పంపారు. ఆ దారాన్ని చిలకపచ్చ పట్టుగుడ్డకి పిన్నీసుతో గుచ్చి, పరికిణీ, జాకెట్టు కుట్టమని మాస్టరు చేతికిచ్చి నెల దాటింది.

“అయిపోయిందా అండీ?” అంది తిరుపతమ్మ.

“హుక్కులొక్కటే మిగిలినాయక్కా. రొంత టీ తాగు, అంతలోపల ఇచ్చేస్తా.”

అన్నాడు గానీ అసలు సంగతి వజీర్‌కి తెలుసు. ఆ గుడ్డకి ఇంకా కత్తెరే తగల్లేదు. ఏ అరలో ఉందో కూడా గుర్తులేదు. టీ తాగిస్తే, ఓ రెండు మాటలు చెప్తే, నమాజు వేళవుతుంది, తర్వాత రమ్మనొచ్చు, ఈలోపు ఏదో ఒకటి చెయ్యొచ్చు. ఈలోపు అన్నమాటే ఇన్నాళ్ళూ అతని షాపుని నడిపిస్తోంది.

“హుక్కంటే గుర్తొచ్చె. నేను జపాన్ పోయింది గూడా ఇట్లాంటి చిన్న పనికే.”

“నువ్వు జపాన్ యాడ పోయినావు మామా?” అన్నాడు ఖాదర్‌వలి.

“కావాలని పోలేదబ్బా! నేను ముందు పనిచేసిన అర్బాబ్ బండ్లు కొనేకి జపాన్ పోతాండె. ఎయిర్‌పోర్టులో ఆయన తొడుక్కున్న పొడుగు అంగీకి, అదే డిష్‌డాషాకి, మెడకాడ ఏలాడే కుచ్చు ఊడిపాయ. ఒమానీకి కుచ్చు లేకుంటే ఎంత నామోషీ! వజీర్‌ని పిలవండి అనె. విమానమెక్కి కుడతాండా, ఆఖరి ముడి ఎయ్యకముందే అది గాల్లోకి లేచె. దిగేకి కాదు గదా, పోతిని.”

“పాస్‌పోర్టు లేకుండానా?” ఇస్రాయేలు అడిగాడు.

“చేతిలో సూది ఉన్నోన్ని పాస్‌పోర్టు అడుగుతారా ఎవరన్నా? ఇను. క్యోటో అని ఊరు, దాంట్లో గియోన్ అని పాతకాలం వీధి. అన్నీ కొయ్య ఇండ్లు, గడప గడపకీ కాగితం లాంతరు. గెయిషాలంటారు, మొగానికి తెల్లరంగు, కాళ్ళకి కొయ్య చెప్పులు, టక్ టక్ అని పోతాంటారు. తప్పుగా అనుకోవద్దక్కా, ఆటా పాటా నేర్చిన మర్యాదస్తులు. తెలిసినోళ్ళు ఎంటబెట్టుకొని పోకుంటే ఎవురినీ లోపలికి రానియ్యరు. మా అర్బాబ్ వాకిట్లోనే నిలబడిపాయ!”

“మరి నిన్నెట్ల రానిచ్చినారు?” అన్నాడు ఖాదర్‌వలి.

“అదే గదా! ఎనక సందులో ఆట నేర్చుకునే పిల్ల ఒకతి ఎక్కెక్కి ఏడుస్తాంది. ఆ పిల్లోళ్ళకి నడికట్టు ఉంటాదబ్బా, ఈపునుంచి మడమలదాకా ఏలాడతాది. అది తలుపులో పడి సగానికి చినిగిపాయ. అది కట్టేకి మగమనిషి కావల్ల, అంత బిగువు. ఆ మనిషికేమో జరం. ఇంకేముంది, కాలర్లోంచి సూది తీసినా, కుట్టి నేనే బిగించి కడితిని. అతుకు యాడుందో వాళ్ళే కనుక్కోలేకపోయిరి! ఆ తర్వాత ఏమైందో తెలుసా?”

తిరుపతమ్మ కూడా గ్లాసు కింద పెట్టేసింది. అది చూసి వజీర్‌కి హుషారెక్కింది. విమానం, హుక్కులు, ఈలోపు, అన్నీ మర్చిపోయాడు.

“వీధి వీధంతా నా ముందు లైను కట్టిరి! కుడతానే ఉండా, దారం అయిపాయ. పట్టుపురుగుల్ని తెండి అంటి. బుట్టలతో తెచ్చిరి. పురుగు నోట్లోంచి దారం, నేరుగా నా సూదిలోకి. నేను రొంత ఆపితే పురుగులే నన్ను చూసి నోరు తెరుస్తాండె!”

“అబ్బో!” అన్నాడు ఇస్రాయేలు.

“అప్పుడొచ్చె భూకంపం! కొయ్య ఇండ్లు ఇట్ల వంగి, అట్ల లేస్తాండాయి. అందరి నడికట్లూ ఇప్పించినా. అన్నీ ఒకటిగా అతికించినా. వీధికే నడికట్టు కట్టినా అబ్బా! ఎట్ల కట్టినానంటే…”

చెయ్యి వెనక్కి చాచి అరలోంచి ఏదో గుడ్డ లాగాడు. ఓ కొస ఇస్త్రీ బల్లకి కట్టాడు, కుట్టుమిషన్ చుట్టూ తిప్పాడు, కూర్చున్న ఖాదర్‌వలినీ కలిపి చుట్టాడు, మిగిలింది తన నడుముకి బిగించి కాలు తన్నిపట్టి లాగాడు.

“ఇట్ల! ఒక్క గుంజు గుంజినా. భూకంపం ఆడికాడికి నిలిచిపాయ! ఆ తర్వాత ఏమైందో తెలుసా?”

ఖాదర్‌వలి తన పొట్టమీదున్న గుడ్డని చూసుకుంటున్నాడు. చిలకపచ్చ పట్టు. కొన్నప్పటి మడతల గీతలు కూడా పోలేదు, ఎక్కడా కత్తెర గాటు లేదు. వజీర్ నడుం దగ్గర, కొసన, పిన్నీసుకి ముడుల దారం ఊగుతోంది.

తిరుపతమ్మ లేచి వచ్చింది. ఆ దారాన్ని అరచేతిలోకి తీసుకుంది.

“ఇది మా పిల్ల భుజం. ఇది నడుం,” అంది ముడులు తడుముతూ. “ఈ పరికిణీ, జాకెట్టు తొడిగి ఎదురుగా నిలబెట్టి చూసుకోవాలని ఎన్నాళ్ళనుంచో అనుకుంటున్నాను. హుక్కులొక్కటే అన్నారు కదండీ.”

వజీర్ చెయ్యి నడుం దగ్గరి ముడి మీదికి పోయింది.

“భూకంపాన్నే ఆపిన మనిషి మీరు. రేపు పొద్దున్న నా విమానాన్ని ఆపగలరా?”

మాస్టరు నడుముకున్న ముడి మెల్లగా విప్పుకున్నాడు. “లేదక్కా,” అన్నాడు.

“ఇంతసేపటికి ఒక నిజం చెప్పినావు మామా,” అన్నాడు ఖాదర్‌వలి, గుడ్డలోంచి బయటపడుతూ.

“అయితే కత్తెర తీయండి. ఇది ఒంటిమీద వేసుకునేలా తయారయ్యేదాకా నేను ఇక్కడినుంచి కదల్ను.” తిరుపతమ్మ గుమ్మానికి అడ్డంగా స్టూలు వేసుకుని కూర్చుంది. ఇస్రాయేలు షట్టరు సగం దించాడు.

గుడ్డ తెగింది. మిషను కదిలింది. భుజం అతికింది, చెయ్యి అతికింది. నిజం చెప్పుకోవాలి, ఆ కుట్టు భలే ఉంది. తిరుపతమ్మ వంగి చూసింది గానీ అతుకు ఎక్కడో కనపడలేదు. ఆమె మొహం కాస్త తేలికపడటం వజీర్ ఓరకంట గమనించాడు. వెంటనే కాలు ఆగింది, తల లేచింది.

“ఆ తర్వాత ఏమైందో…”

“కుట్టు!” అన్నారు ముగ్గురూ.