దూడ సీరం

అమీర్‌పేటలో జావా క్లాసుల పైన, మూడో అంతస్తులో చిన్న ల్యాబు. కాన్ఫరెన్సుకు తీసుకెళ్లే పోస్టరును ప్రొఫెసర్ గారు చుడుతుంటే, ఆయన దగ్గర రీసెర్చి చేసే అనుపమ లాక్కుని మళ్ళీ బల్ల మీద పరిచింది.

“గిది తప్పు సార్. మనం మందు అని రాసిన పాలీఅమీన్ క్యాన్సర్ కణాలను చంపలే.”

“చచ్చాయి కదమ్మా! నువ్వే చూపించావు.”

“మనం కణాలను దూడ రక్తంకెల్లి తీసిన సీరంల పెంచినం. అండ్ల ఉన్న ఎంజైమే పాలీఅమీన్‌ను విషం చేసింది. గా విషానికి సచ్చినయ్. మనిషి సీరంల పెంచి, గదే పాలీఅమీన్ ఏసి చూసిన. మస్తు బతికినయ్, ఇంకా జల్ది పెరిగినయ్.”

“మరి క్యాన్సర్ కణాల మీద ఎక్కువగా ఉండే నెగటివ్ చార్జ్ తగ్గలేదూ?”

“తగ్గింది. పాలీఅమీన్‌ది పాజిటివ్ చార్జ్, పోయి అంటుకుంది, గంతే. చార్జ్ తగ్గితే క్యాన్సర్ తగ్గినట్టా?”

“గొంతు తగ్గించు. ఎవరితో మాట్లాడుతున్నావు?”

“తగ్గియ్య! పాలీఅమీన్ గోధుమ మొలకల్ల సహజంగనే ఉంటదని పోస్టర్ల మీరే రాసిన్రు. పేషెంట్లు మందులు బంద్ చేసి గా మొలకల పొడి తాగితే ఎవరు జిమ్మేదార్?”

“ఆ ప్రయోగం మళ్ళీ చెయ్యి!”

“మళ్ళ మళ్ళ చేసిన సార్. గట్లనే వస్తుంది. మీకు పోస్టరే ముఖ్యమా?”

“పోస్టరు తగలెయ్యి!”

ఆయన బల్ల మీద గుద్దాడు. ఆ చెయ్యి మళ్ళీ పైకి లేవలేదు.

“మా ఆవిడ క్యాన్సర్ సంగతి నీకు తెలుసుగా.”

అనుపమ పోస్టరు మీంచి చెయ్యి తీసింది.

“పొద్దున ఆ మొలకల పొడి కలిపిస్తే వద్దంది, వెగటుగా ఉందని. కసిరి తాగించి వచ్చాను.”