మేం తేర్చిన నీళ్లు

ముమ్మిడివరం నుంచి ఎండలో నడిచి వచ్చిన అమ్మలకూ అయ్యలకూ, గట్టు పనివాళ్లందరికీ, ముందు కుర్చీలో కూర్చున్న ఓవర్సీరు నరసింహమూర్తి గారికీ దణ్ణాలండి. నేను సత్తియ్యని. లోవరాజు మేస్త్రీ గారి జట్టులో ఏడేళ్లు మట్టి మోశాను. ఈ కొత్త కాలవ గట్టు కూలి ఆయన పోయి ఇవాళ్టికి పన్నెండు రోజులు. ఆయన భార్య బుజ్జమ్మ గారు అదిగో, పాక గుంజకి ఆనుకుని కూర్చున్నారు. ఏడవడానికి వచ్చాం కదా అని ఏడ్చి వెళ్లిపోతే సరిపోదండి. నాకు కోపంగా ఉంది. ఆ కోపం ఎవరి మీదో చెప్పాకే కూర్చుంటాను.

లోవరాజు గారు ఎలాంటి మనిషి? గట్టు వేసేటప్పుడు పొరపొరకీ నీళ్లు చల్లి తొక్కించేవారు. ఒకనాడు తట్ట మోసే రాజ్యం, "మేస్త్రీ గారండీ, కింద పొర పొడిగానే ఉండిపోయిందండి, నా కాలికి తెలుస్తోందండి" అంది. తట్ట మోసే మనిషి మేస్త్రీకి చెప్పడమా అని మేమంతా నవ్వాం. ఆయన నవ్వలేదు. తానే దిగి తొక్కి చూసి, పొద్దుటినుంచి వేసిన మట్టంతా తీయించారు. మేం సణిగాం. మధ్యాహ్నం అన్నాల దగ్గర అందరి ముందూ "రాజ్యం చెప్పబట్టి బతికేం" అన్నారు. ఆ తరవాత ఆ జట్టులో తప్పు కనబడితే చెప్పడానికి ఎవరూ జంకలేదు.

ఇక ఈ గట్టు సంగతి. గట్టు అడుగున ఊట కనిపిస్తే మనం ఏం చేస్తాం? ముంతతో ఆ నీళ్లు పట్టి చూస్తాం. తేటగా ఉంటే ఫరవాలేదు. బురదగా ఉంటే లోపల మట్టి కరిగిపోతోందన్నమాట. పోయిన నెల లోవరాజు గారు బురద నీళ్ల ముంత తీసుకెళ్లి ఓవర్సీరు గారి బల్ల మీద పెట్టారు. "తవరే చూడండి బాబూ, గట్టుని లోపల తినేస్తోందండి. కాలవలో నీళ్లు ఆపించండి, నాలుగు రోజుల్లో బాగుచేసేస్తాం" అన్నారు. దానికి దొరికిన జవాబేమిటి? కచేరీ బల్ల మీద బురద పెట్టినందుకు ఆయన్ని ఎండలో నిలబెట్టారు. మేస్త్రీ పని తీసేసి తట్ట చేతికిచ్చారు. ఊట సంగతి పైకి రాయాలి కనక, రోజూ పొద్దున్నే ముంత తెమ్మని ఆ పని నాకు అప్పగించారు.

నేనేం చేశానో చెప్పనా? మొదటి రోజు బురద నీళ్లే తీసుకెళ్లాను. "నువ్వూ వాడి మనిషివేనా?" అన్నారు. రెండో రోజు నుంచి ముంతని కాసేపు కదపకుండా ఉంచాను. మన్ను అడుక్కి దిగింది. పైన తేరిన నీళ్లు వేరే ముంతలోకి వంచి తీసుకెళ్లాను. ఓవర్సీరు గారు మెచ్చుకున్నారు. మీరంతా చూశారు. ఎవరైనా ఒక్క మాట అన్నారా? పెద్దవాళ్ల ముందు వాళ్లకి నచ్చని మాట అనకపోవడమే మర్యాద అనుకున్నాం. మర్యాదా అది? పదహారు రోజులు రెండు చేతులా అబద్ధం మోశానండి.

నరసింహమూర్తి గారూ, తమరికి కోపం రావచ్చు. కానీ తమరొక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, లేచి వచ్చి గట్టు దిగి చూసుంటే? ముంతని నమ్మారు. ఇరవై ఏళ్లు మట్టి తొక్కిన మనిషిని నమ్మలేదు. మాకు తమరంటే భయం, తమరికి మేమంటే చులకన. అలాగే పదహారు రోజులూ గడిచాయి.

ఆ మధ్యాహ్నం ఎవరూ చెప్పకుండానే లోవరాజు గారు గడ్డీ జిగురుమన్నూ పట్టుకుని ఊట పూడ్చడానికి దిగారు. గట్టు కింద ముప్ఫై ఇళ్ల పేట ఉంది. "వాళ్లని దిబ్బ మీదికి పంపు సత్తియ్యా, ఇక్కడ నేనుంటాను" అన్నారు. అదే ఆఖరు మాట. నేను పరిగెత్తాను. వాళ్లంతా బతికారు. నేను తిరిగి వచ్చేసరికి గట్టు లేదు, ఆయన లేరు.

ఇప్పుడు కచేరీలో ఒక కాగితం రాసి ఉంచారు. లోవరాజు ఎవరికీ చెప్పకుండా గట్టు తవ్వాడనీ, అందుకే గండి పడిందనీ అందులో ఉంది. రేపు పెద్ద దొరగారు విచారణకి వస్తారు. ఈలోగా దాని కింద మనమంతా నిశానీలు పెట్టాలట. బుజ్జమ్మ గారు ఇక మీదట ఈ ఊళ్లో గండి కొట్టినవాడి పెళ్లాంగా బతకాలట. నీళ్లు రోజూ తేటగానే ఉండేవనడానికి సాక్షిని నేనట. అవునండి, సాక్షినే. ఆ నీళ్లు నేను తేర్చి తెచ్చానని దొరగారి ఎదట చెబుతాను. నా పని పోతే పోనీ. మీరు ఆ కాగితం ముట్టుకోకండి. అడిగితే చూసింది చూసినట్టు చెప్పండి.

ఇక లేవండి. తలపాగాలు తీయండి. ఓవర్సీరు గారూ, తమరూ లేవాలండి. లోవరాజు గారి కోసం కాసేపు నోరు మెదపకుండా నిలబడదాం. రేపు దొరగారు అడిగినప్పుడు మాత్రం ఎవరూ ఇలా నిలబడకండి.