అప్పటికప్పుడు మెచ్చుకోలు

ఆయన ఆఫీసు నుంచి వచ్చీ రాగానే వరండాలో కుక్కపిల్ల ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. తడి చేతులతో గుమ్మంలో నిలబడి చూస్తున్న ఆవిడకి ఒళ్లు మండిపోతోంది.

“శభాష్, నా తల్లే! చూశావా, చెప్పగానే కూర్చుంది.”

“చూశాను. కూర్చున్నందుక్కూడా ఇంత మురిపెమా?”

“మాట వినగానే మెచ్చుకోవాలట. ఆలస్యమైతే ఎందుకు మెచ్చుకున్నామో దానికి తెలీదని ట్రైనర్ చెప్పాడు.”

“పొద్దున మీ చొక్కాకి గుండీ కుట్టిచ్చాను. నా మొహమైనా చూడకుండా తొడుక్కుని వెళ్లిపోయారు.”

“దానికీ నీకూ పోటీ ఏంటే? అది పసిది.”

“పసిదే! నిన్న నా చెప్పు కొరికి పీలికలు చేసింది. దానికీ నవ్వారు.”

“అబ్బబ్బ, అదలా ఉంచు. పిలిస్తే ఎలా వస్తుందో చూడు. ఇటు రా, తల్లీ!”

కుక్కపిల్ల లేచింది. ఆయన చాపిన చేతినీ, అందులోని బిస్కట్టునీ దాటుకుని వెళ్లి ఆవిడ పాదాల మీద వాలిపోయింది.

“అయ్యో, నా బంగారమే! నా దగ్గరికొచ్చావా!”

ఆయన బిస్కట్టు జేబులో పెట్టుకున్నాడు.

“రోజూ నేర్పించేది నేను, ముద్దులు నీకా!”

“మరీ అంత కుళ్లుకోకండి.”

“కుళ్లు అది నీ దగ్గరికొచ్చినందుక్కాదు. పెళ్లైన కొత్తలో నన్ను బంగారం అనేదానివి. ఆ మాట మళ్లీ ఇవాళే వింటున్నా.”